ఒత్తులు లేని ఊళ్లో

మా చెల్లెలికి చెవులు పోయాయి. ఒక్కసారిగా పోలేదు. గోడకి వేసిన సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలినట్టు పోయాయి. ముందు కుక్కరు కూత వినపడడం లేదంది. తరవాత గుమ్మంలో నిలబడి పిలిచినవాళ్లు వినపడలేదు. చివరికి ఫోన్లో నేనెంత అరిచినా "ఆఁ? ఆఁ?" అనడం తప్ప ఇంకో మాట రాలేదు. నేను అరిచే అరుపుకి బందరు చిలకలపూడిలో మా వీధి వీధంతా బయటికొచ్చి చూసేది. దాని ఒంట్లో సంగతులు దానికి తప్ప అందరికీ తెలిసిపోయాయి.

మేం ఇద్దరమే ఆడపిల్లలం. నేను బందరులో ఉండిపోయాను. దాన్ని దివిసీమలో ఇచ్చారు. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద ఒక ఊరు. బస్సులు మారి వెళ్లాలి. నా మోకాళ్లు ఒప్పుకున్నప్పుడు వెళ్లేదాన్ని. మిగతా రోజుల్లో ఫోనే.

చెవి మిషను పెట్టించారు. చెవిలో ఎవరో రేకు గీకుతున్నట్టుందని తీసి బీరువాలో పడేసింది. వీడియో ఫోను చేస్తే తెర మీద దాని ముక్కూ నా నుదురూ తప్ప ఏమీ కనిపించేవి కావు. ఇద్దరం చేతులూపుకుని పెట్టేసేవాళ్లం. మెసేజీ పెడితే "తిన్నాం" అని ఒక ముక్క, కింద దండం బొమ్మ. ఊళ్లో ప్రార్థనకి వెళ్లడం కూడా మానేసింది. ఎందుకని అడిగితే చెప్పదు.

ఒకరోజు మా మరిది ఫోను చేశాడు. చెల్లెలి మొగుడే, రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు. నోరున్న మనిషి.

"వదినగారూ, మీ చెల్లెలు నాతో పోట్లాడ్డం మానేసిందండీ."

"అయితే సుఖంగా ఉన్నావన్నమాట."

"ఏం సుఖమండీ! కూరలో ఉప్పు లేదంటే ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టి వెళ్లిపోద్ది. ఒక్క మాటనదు. ఇల్లు ఆస్పత్రిలా ఉంది. పొద్దస్తమానం గోడ కేసి చూస్తా కూచుంటంది. నాకు భయంగా ఉందండీ."

నాకూ భయం వేసింది. మా చెల్లెలు నోరు మూసుకుని కూర్చుందంటే లోపల ఏదో ఆరిపోతోందని అర్థం. దాన్ని మళ్లీ మాట్లాడించాలి. ఎలాగో మాత్రం తెలియలేదు.

ఇక్కడ మా ఇద్దరి సంగతి ఒకటి చెప్పాలి. ఊరికే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం మాకు చేతకాదు. మాది గిల్టు నగల పని. ఊహ తెలిసినప్పట్నుంచీ ఒకే చాప మీద కూర్చుని, రాగి తీగ రింగుల్ని పట్టకారుతో ఒకదానికొకటి కలుపుతూ గొలుసులు అల్లేవాళ్లం. చేతులాడుతుంటేనే నోళ్లాడేవి. పట్టకారు కింద పెడితే మాటలూ ఆగేవి. అది పెళ్లయి వెళ్లాక కూడా, పుట్టింటికొస్తే ముందు పట్టకారు ఎక్కడని అడిగేది. తరవాతే అత్తగారి మీద చాడీలు.

మా కొడుకూ కోడలూ గుడివాడలో ఉంటారు. ఒక ఆదివారం అక్కడికి వెళ్లాను. భోజనాలయ్యాక మావాడు నిద్రపోయాడు. కోడలు మంచం మీద పక్కకి ఒరిగి చేతిలో ఒక పెట్టె పట్టుకుని మీటలు నొక్కుతోంది. బడి పలకని అడ్డంగా తిప్పినంత ఉంది. మధ్యలో తెర, అటూ ఇటూ మీటలు, వెనకవైపు ఇంకా మీటలు. పెద్ద రకం ఫోననుకున్నాను.

"ఫోను కాదత్తయ్యా. ఇది పూర్తి కంప్యూటరే. చేతిలో పట్టుకుని ఆడుకునేలా చేశారంతే."

పెళ్లయిన ఆడది ఆదివారం పూట ఆటలేంటని నోటిదాకా వచ్చింది. అలాంటివి నేను మింగే రకం కాదు, అనేశాను కూడా. అది నవ్వి ఊరుకుంది. నా కోడలు మంచిది. పట్టించుకోదు.

తెర మీద ఒక యేరు. ఒడ్డున ఇద్దరాడవాళ్లు గాలాలేసుకుని కూర్చున్నారు. ఒకత్తి నెత్తిన నక్క చెవులున్నాయి. అది నా కోడలట. ఇంకొకత్తి ఇనప చొక్కా వేసుకుంది.

"ఈ ఇనపావిడెవరు?"

"భీమవరంలో నర్సు. మా గుంపులో మనిషి. అయిదారేళ్లుగా కలిసి ఆడుతున్నాం."

"ఎప్పుడైనా కలిశావా?"

"లేదత్తయ్యా. ఇందులోనే."

"ఇప్పుడేమంటోంది?"

"వాళ్లింట్లో పప్పు మాడిందంట. వాళ్లాయన అదే బాగుందన్నాడంట. అందుకు కోపమొచ్చిందంట."

నేను లేచి దాని పక్కన కూర్చున్నాను. ఇద్దరి బొమ్మలూ యేటికేసి చూస్తున్నాయి. ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం లేదు. చేప పడినప్పుడల్లా మీట నొక్కుతున్నారు, మధ్యమధ్యలో పప్పు సంగతి తెర కింద అక్షరాలుగా కదులుతోంది. చూస్తూ ఉంటే నాకు మా చాప, రాగి తీగ, మా ఇద్దరి వంచిన తలలూ కనిపించాయి.

"ఇందులో చెవులతో పనుందా?" అని అడిగాను.

"ఏం లేదత్తయ్యా. శబ్దం తీసేసి ఆడేవాళ్లు బోలెడుమంది."

"అయితే నాకూ మా చెల్లెలికీ ఇది పెట్టివ్వు."

కోడలు మొదట నవ్వింది. నా మొహం చూసి లేచి కూర్చుంది.

కొత్త పెట్టె కొన్నాక దాని పాతది బీరువాలోనే ఉంది. గుంపులో ఒకావిడ దగ్గర ఇంకో పాతది ఖాళీగా ఉందంటే తెప్పించింది. ఆట వాటిలోకి దిగడానికి ఒక పూటంతా పట్టింది. ఇంత పెద్ద ఆట, లోపల ఊళ్లూ కొండలూ సముద్రాలూ ఉన్నాయట, దిగదా మరి!

అసలు చిక్కు తరవాత వచ్చింది. ఆ ఆటకి తెలుగు తెలియదు. తెలుగులో కొడితే డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తున్నాయి. కోడలి గుంపు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటుంది. అందులో కళ్లూ, కాళ్లూ, కల్లూ ఒకేలా ఉంటాయట. ఒకావిడ కళ్లు మంటలని రాస్తే ఇంకొకావిడ కాళ్లనుకుని కాపడం పెట్టి పైకెత్తి పడుకోమందట. అయినా నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. మా చెల్లెలికీ రావు.

కోడలు ఎక్కడెక్కడో వెతికి తెలుగు అక్షరాలు తెచ్చి ఆట లోపల పెట్టింది. అక్షరాలైతే వచ్చాయి. ఒత్తులు మాత్రం రాలేదు. "అక్క" అని కొడితే "అక్‌క" అని పడుతోంది. కింద ఉండాల్సిన ఒత్తు పైకెక్కి పక్కన కూర్చుంటోంది. "వచ్చావా" అంటే "వచ్‌చావా." "ఎక్కడున్నావ్" అంటే "ఎక్‌కడున్‌నావ్."

"ఛీ! ఇది పనికిరాదత్తయ్యా. ఈ ఆటకి ఒత్తులు పెట్టడం చేతకాదంట. అక్షరాలన్నీ విడిపోతన్నాయి. వేరే ఆట చూద్దాం."

"ఉండు, ఏదీ మళ్లీ కొట్టు."

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. కొడుక్కి పెళ్లి చేశాక చర్చి వెనక గదిలో సాయంత్రం బడికెళ్లి నేర్చుకున్నాను. పాటల పుస్తకం ఒకళ్ల చేత చదివించుకుని పాడడం నాకు నచ్చలేదు, అందుకని. అక్షరాలు పట్టుబడ్డాయి, గుణింతాలు పట్టుబడ్డాయి. ఒత్తుల దగ్గర మాత్రం ఈ రోజుకీ ఆగిపోతాను. ఒక అక్షరం కింద ఇంకోటి వేలాడుతూ, సగం మొహం చూపించి సగం దాచుకుంటుంది. వేలు పెట్టి, కళ్లద్దాలు పైకి తోసి, ఇదెవరు, ఇదెవరి పిల్ల అని ఆరా తీయాలి. ఈ ఆటలో అలా కాదు. అక్షరాలన్నీ వరసలో, ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. వేలు పెట్టకుండా చదివేశాను.

"ఏం తీయకు. ఇలాగే బాగుంది," అన్నాను.

"తప్పులత్తయ్యా ఇవి!"

"తప్పో ఒప్పో, నాకొస్తోంది కదా. అక్షరాలు పెద్దవి చెయ్యి చాలు."

తరవాత కోడలు దాన్ని మా ఒళ్లకి సరిపడా దిద్దుతూ కూర్చుంది. పెట్టెకి ఎంత కరెంటు తాగాలో వాట్లలో లెక్కుంటుందట. ఎక్కువిస్తే బొమ్మ చురుగ్గా కదులుతుంది గానీ పెట్టె కాలి బ్యాటరీ తొందరగా అయిపోతుంది. తక్కువిస్తే నత్తలా నడుస్తుంది. నేను నగలకి పూత వేసే గిల్టు తొట్టి చూసినదాన్ని. కరెంటు ఎక్కువైతే నగ నల్లబడుతుంది, తక్కువైతే పూత పట్టదు. కాబట్టి ఆ ఒక్కటీ నాకు చెప్పకుండానే అర్థమైంది. మిగతావి చెప్పినా అర్థం కాలేదు. సెకనుకి అరవై బొమ్మలు తిరిగేచోట ముప్పై చాలంది. చేపలు పట్టడానికి ఎంత తొందరుంటుంది, అలాగే కానియ్యమన్నాను. నీడలు తీసేసింది. గడ్డి పలచన చేసింది. నీళ్ల మీద మెరుపు కూడా తీయబోతే చెయ్యి పట్టుకున్నాను. యేటికి మెరుపు లేకపోతే మురుక్కాలవలా ఉంటుంది. దూరదేశం సర్వరులో ఉంటే మాట ఆలస్యంగా అందుతుందని సింగపూరు సర్వరులో పెట్టింది. దివిసీమలో ఉన్న చెల్లెలితో మాట్లాడ్డానికి సింగపూరు దగ్గర దారట. సరేనన్నాను.

మీటలు చాలా ఉన్నాయి. నా బొటనవేళ్లు టంకం వేసీ వేసీ మొద్దుబారాయి. కోడలు చాలా మీటల నోరు కట్టేసి కొన్ని మాత్రం ఉంచింది. వెనకవైపు మీట ఒకటి నొక్కితే నా బొమ్మ ఎదుటి బొమ్మ వెనకాలే నడుస్తుంది. దారి తప్పే పని లేదు. చిన్నప్పుడు తిరునాళ్లలో నా పమిట కొంగు పట్టుకుని మా చెల్లెలు నడిచినట్టు.

పెట్టెలు రెండూ బందరు తెచ్చుకున్నాను. మా ఇళ్లలో కొత్త వస్తువొస్తే ముందు దానికో తొడుగు కుడతాం. ఫ్రిజ్జుకీ మిక్సీకీ టీవీ రిమోటుకీ అన్నిటికీ ఉంది. నగల పెట్టెల్లోకి వాడే ఎర్ర మఖమలు గుడ్డ మిగిలితే వీటికీ కుట్టాను. చెల్లెలి పెట్టెకి ముందు కుట్టాను. రెండు మడతలేసి, తెరా మీటలూ కనిపించేలా వదిలి, మిగతా అంతా కప్పి, అంచుకి సన్న జరీ కూడా వేశాను. నా దానికి గుడ్డ చాలక సగానికే వచ్చింది. నాకెంతైతేనేం.

చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా బస్సులు మారి వెళ్లి దాని ముందు పెట్టాను. అది పెట్టెకేసి చూసింది, నాకేసి చూసింది. చెవులు పోయినవాళ్లు గట్టిగా మాట్లాడతారు.

"చెవులు పోయినయ్ గానీ బుర్ర పోలేదే నాకు! బొమ్మలాటలు తెచ్చావా? పట్టుకుపో."

నోటితో లాభం లేదు కదా. రెండు పెట్టెలూ తెరిచి, కోడలు చూపించినట్టు నా తెర మీద తెలుగు మీటలు తెచ్చి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టాను. దాని తెర మీద పడింది: "నీ నోరు పడిపోయిందంటే చూడ్‌డానికొచ్‌చాను."

అది చదివింది. దానికి చాలాసేపు పట్టదు. అయిదో తరగతి దాకా చదివింది, బళ్లో దాని దస్తూరీ చూపించి మిగతావాళ్లని కొట్టేవాళ్లట. మొహం చిట్లించింది.

"ఇదేం తెలుగే! ఒత్తులేవీ? చర్చి బళ్లో ఇదా నేర్పింది నీకు?"

నాకు కాదు, ఆటకే రావని సైగ చేశాను. అది నమ్మలేదు. నా చేతకానితనమే అనుకుంది. నా పెట్టె లాక్కుని, ఎలా రాయాలో నాకు చూపించడానికి తనే కొట్టింది. అక్షరాలు విడిపోయే పడ్డాయి. చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే. మరిది గుమ్మంలో నిలబడి, "వదినగారూ, మీ చెల్లెలికి ఇన్నాళ్లకి ఒకడు ఎదురు తిరిగాడండీ," అన్నాడు. దానికి వినపడలేదు. పంతం కొద్దీ కొడుతూనే ఉంది. పెట్టె పట్టుకుపొమ్మన్న సంగతి మరిచిపోయింది.

ఆ తరవాత రోజూ దీపాలు పెట్టే వేళకి ఇద్దరం ఆటలోకి వెళ్లేవాళ్లం. నా బొమ్మకి పొట్టి మెడ, దాని బొమ్మకి తెల్ల జడ. యేటి ఒడ్డున కూర్చుని గాలాలు వేసేవాళ్లం. మా రాతల్లో ఒత్తులు చాలా మటుకు నేనే సర్ది చెబుతున్నాను. అది ముందు పెద్దగా మాట్లాడలేదు. "పడింది." "పోయింది." "నీది చూసుకో." అంతే. నేనూ తొందరపెట్టలేదు. గొలుసు పని కూడా అలాగే ఉండేది, మొదటి జానెడూ ఎవరం నోరు విప్పేవాళ్లం కాదు.

ఒకసారి కొమ్ములున్న పెద్ద ఆకారం ఒకటి వచ్చి మా ముందు నిలబడి నడుం వంచి దండం పెట్టింది. ఎవరో ఆటగాడే, ఏ దేశపువాడో. నేను, "కాస్త తప్పుకోండి బాబూ, యేరు కనపడ్డం లేదు," అని కొట్టాను. వాడికి డబ్బాలే కనిపించి ఉంటాయి. మళ్లీ దండం పెట్టాడు. అప్పుడు మా చెల్లెలు రాసింది: "మర్యాదస్తుడే అక్కా. వందనాలని చెప్పు." అది తనంతట తనుగా అన్న మొదటి పూర్తి మాట.

అంతలోనే చెడింది. దాని బొమ్మ గాలం ఎత్తి ఎత్తినట్టే బిగుసుకుపోయేది. కాసేపటికి మాయమయ్యేది. ఒకరోజు, రెండు రోజులు, రోజూ. మూడో మాటకల్లా మాయం. తర్వాత రావడమే మానేసింది. మరిదికి ఫోను చేశాను.

"పెట్టె అట్లపెనంలా కాలిపోయి ఆగిపోతందండీ. తను మాత్రం అలా అనుకోవట్లేదు."

"మరేమనుకుంటోంది?"

"ఇందులో కూడా మధ్యలో వదిలేసి వెళ్లిపోతన్నారంటందండీ. జనం ఎదురుగా ఉండి మాట్లాడతా మాట్లాడతా, ఈమెకి వినపడదని గుర్తొచ్చి పక్కకి తిరిగిపోతారు గదా, అలాగంట. పెట్టెని బీరువాలో పెట్టేసింది, ఆ చెవి మిషను పక్కన."

వదిలేస్తున్నది నేను కాదని దానికెలా చెప్పను? మెసేజీ పెడితే దండం బొమ్మే తిరిగొచ్చింది, ఇక చెప్పడానికున్నది ఆ పెట్టొక్కటే.

కోడలు గుడివాడ నుంచి ఫోన్లో మరిదికి చెప్పి మార్పులు చేయించింది. అదొక తతంగం. "పైన మూలకి వెళ్లండి బాబాయిగారూ," అంటే ఆయన పెట్టె పట్టుకుని ఇంటి మూలకెళ్లి నిలబడ్డాడు. వాట్లు తగ్గించారు. గడ్డి పూర్తిగా పీకేశారు. చెట్ల ఆకులు తీసేశారు. బొమ్మలు మరీ మసకగా చేశారు. మరిది బతిమాలితే చెల్లెలు ఒకసారి వచ్చి, "నీ బొమ్మకి మొహం లేదు," అని రాసి మాయమైంది. ఇంకా కాలుతూనే ఉందట. నా పెట్టె మాత్రం చల్లగా ఉంది. రెండిట్లోనూ ఒకే అమరిక. కోడలికి అర్థం కాక, సెలవు రోజు చూసుకుని బందరొచ్చింది. ఇద్దరం కలిసి బయల్దేరాం.

బీరువా తీసి మరిది పెట్టె తెచ్చి ఇచ్చాడు. కోడలు దాన్ని చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పింది. మఖమలు మీద చెయ్యి వేసి నిమిరింది. జరీ అంచు చూసింది. తరవాత నాకేసి చూసింది.

"అత్తయ్యా. ఇది మీరే కుట్టారా?"

"నేను కాక? బాగుందా?"

"చాలా బాగుంది. దీనికి ఊపిరెక్కడ ఆడుద్ది?"

వెనకాల చిన్న చిన్న కన్నాలుంటాయట. లోపల ఫ్యాను తిరిగి వేడి వాటిలోంచి బయటికి తోస్తుందట. నేను రెండు మడతల మఖమలుతో వాటి నోరు నొక్కేశాను. నా పెట్టెకి గుడ్డ చాలలేదు కాబట్టి అది బతికిపోయింది. గాలి ఆడక పెట్టె ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంటే, కోడలు గుడివాడలో కూర్చుని గడ్డి పీకింది, ఆకులు పీకింది, నా మొహం పీకేసింది.

కోడలు కత్తెరతో కుట్లు విప్పి ఎర్ర తొడుగు ఊడదీస్తుంటే మా చెల్లెలు వంగి చూసింది. ఎవరూ చెప్పకుండానే దానికి అర్థమైంది. ఆ తొడుగు తీసుకుని వెనకా ముందూ తిప్పి చూసింది.

"నేను మొదటి రోజే అన్నానమ్మా, దీనికేమైనా చలేస్తందా, ఈ కోటు దేనికని. నా మాట ఎవరు వింటారు? నాకే వినపడదు!"

అని పెద్దగా నవ్వింది. దాని జోకుకి అదే నవ్వింది. మరిది నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. కోడలు నవ్వింది. నాకు మొదట ఉక్రోషం వచ్చింది, అంత జరీ వేసి కుట్టాను కదా. తరవాత నేనూ నవ్వాను. ఆ తొడుగు ఇప్పుడు మరిది టార్చిలైటుకి ఉంది.

కోడలు గడ్డి, ఆకులు, నా మొహం అన్నీ తిరిగిచ్చింది. వెళ్లేముందు చెల్లెలి తెర మీద తనే కొట్టి చూపించింది. పెట్టె కాలి ఆగిపోయింది గానీ అత్తయ్య ఎప్పుడూ ముందు వెళ్లిపోలేదు పిన్నిగారూ, అని. చెల్లెలు చదివి నాకేసి చూసి, "తెలుసులే," అంది. తెలియదు. అప్పుడే తెలిసింది.

ఆ తరవాత వారం దాని గాలానికి ఏమీ పడని సాయంత్రం ఒకటి వచ్చింది. యేరు ఊరికే మెరుస్తోంది. కాసేపు చూసి అది రాయడం మొదలుపెట్టింది. ఒక ముక్క తరవాత ఒక ముక్క పడింది.

అది ప్రార్థనకి వెళ్లడం మానేసిన నాటి సంగతి. ఊళ్లో ఒకరింట్లో ప్రార్థన కూటం. అందరూ తలలొంచుకుని మౌన ప్రార్థనలో ఉన్నారు. దానికి ఆ నిశ్శబ్దం తెలియలేదు. అన్నీ నిశ్శబ్దమే కదా దానికి. పాట మొదలుపెట్టే వేళయిందనుకుని గొంతెత్తి పాట అందుకుంది. ఒక చరణం అయ్యాక కళ్లు తెరిచింది. కుర్రకారు నవ్వుతున్నారు. నవ్వుకి బాధ లేదంది. పక్కన కూర్చున్నావిడ దాని తొడ మీద తట్టిందట, ఊరుకో ఊరుకో అన్నట్టు. "పసిపిల్‌లని జోకొట్‌టినట్‌టు తట్‌టిందక్‌కా. నేనేమన్‌నా పసిపిల్‌లనా?"

నేను చదవడానికి నాకు పట్టే సమయం పట్టింది. అది ఆగలేకపోయింది.

"ఉన్నావా?"

"ఉన్నా."

"చదివావా?"

"చదువుతున్నా. తరమకు."

చదివాను. ఓదార్పు మాటలు నాకు నోటికే రావు, చేతికేం వస్తాయి! తోచిందే అడిగాను.

"పాట బాగా పాడావా?"

"బాగానే పాడాను."

"మరి వాళ్లు అందుకోవాలి గదా. ఒకళ్లు మొదలెడితే అందుకోవడం తెలీదా వాళ్లకి? తప్పు వాళ్లదే."

దాని బొమ్మ లేచి నిలబడింది. ఆ తెల్ల జడ బొమ్మ నా బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి గంతులేసింది. గంతులేసే మీట కోడలు దానికి చూపించిందట, నాకు చూపించలేదు. మళ్లీ కూర్చుని రాసింది.

"ఆదివారం వస్తావా? చర్చిలో నా పక్కన కూచో. పాట మొదలయ్యేటప్పుడు చేత్తో తాకు. తట్టొద్దు. తాకు."

ఆదివారం వెళ్లాను. మోకాళ్లని అడగలేదు. ఆడవాళ్ల వైపు చాప మీద ఇద్దరం కూర్చున్నాం. అది ముసుగు సర్దుకుని తిన్నగా కూర్చుంది. ఆ తట్టినావిడ మా ముందే ఉంది, వెనక్కి తిరిగి చూసింది, నేనూ చూశాను. మౌన ప్రార్థనప్పుడు దాని చెయ్యి నా చీర అంచు పట్టుకుని ఉంది. ఆమేన్ అన్నాక, పాట ఎత్తుకునే ముందు, దాని మణికట్టు మీద ఒక్క వేలితో తాకాను.

పాడింది. దాని గొంతు ఎప్పుడూ పెద్దదే. అందరికంటే కాస్త ముందు నడిచింది, చివర కాస్త పక్కకి వెళ్లింది. ఎవరైనా నవ్వారేమో నాకు తెలియదు. నేనూ పాడుతున్నాను, ఒత్తుల దగ్గర తడబడుతూ.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే పదిమందికీ వినపడేలా అరిచింది.

"సాయంత్రం పెందలాడే రా! ఆ కొండవతల ఇంకో వాగుంది. నిన్న నేనొక్కదాన్నే వెళ్తే తోడేలు తినేసింది!"

పాస్టరు గారు ఆగి నాకేసి చూశారు. నేను వందనాలని చెప్పి ముందుకి నడిచాను.